దిద్దుబాటు చేరని చోటు

ఆ ఉదయం షావుకారు చేతికి వచ్చిన సరుకు ఇంతే: నాలుగు మడతలు పెట్టిన ఒక పసుప్పచ్చ గుడ్డ, దాన్ని బల్ల మీద పెట్టి చేతులు వెనక్కి లాక్కున్న ఒక మనిషి, ఆ మనిషి పూర్తి చెయ్యలేకపోయిన ఒక వాక్యం.

"మా ఆవిడ గనక నిన్న తలుపేసుకుని స్నానానికి..."

"కూర్చోండి. ముందు మంచినీళ్ళు తాగండి" అన్నాడు షావుకారు.

షావుకారు ఒకప్పుడు ఇనుప సామాన్ల టోకు వ్యాపారి. తన కొట్లో మాయమైన సరుకు ఎవరి సంచిలో చేరిందో కనిపెట్టడం అతనికి మొదట అవసరం, తర్వాత అలవాటు. పక్క కొట్లవాళ్ళు కూడా తమ దొంగల కోసం అతని దగ్గరికే రావడం మొదలయ్యాక కొట్టు మూసేసి ఆ పనే వృత్తి చేసుకున్నాడు. పేరు మాత్రం పాతదే మిగిలింది. అతని సహాయకురాలు అంతకుముందు కోర్టు మెట్ల దగ్గర టైపు కొట్టేది. ఆమెను అందరూ టైపిస్టు అనేవారు. షావుకారు ఏది చూసినా కొనబోయే సరుకులా తిప్పి తిప్పి చూస్తాడని ఆమెకు అబ్బురం. ఆ మాట పైకి అంటే మాత్రం అతను విసుక్కుంటాడు.

వచ్చినాయన గ్యాస్ గీజర్లు బాగుచేసే మేస్త్రి. వేళ్ళ గీతల్లో మసి ఇంకిపోయి ఉంది.

"ముందు కొట్టు, వెనక ఇల్లండీ మాది. మొదట ఈ గుడ్డ కొట్లో గోడకు తగిలించిన గీజర్లో కనపడింది. ఎవరో తుడుస్తూ మర్చిపోయారనుకున్నా. తర్వాత నా పనిసంచిలో, సామాన్ల పైన, ఇలాగే మడత పెట్టి ఉంది. నిన్న మా ఇంటి గీజర్లో. పొగగొట్టం నోట్లో కుక్కేసి ఉందండీ."

"కుక్కితే ఏమవుతుంది?"

"పొగ బయటికి పోదు. అది కంటికి కనపడదు, ముక్కుకి తెలియదు. నిద్రొచ్చినట్టు ఉంటుంది. మళ్ళీ లేవరు. మా ఆవిడ వెలిగించబోతే వెలగలేదు. చూస్తే గ్యాస్ వాల్వు కట్టేసి ఉంది. నేను కట్టలేదు, తను కట్టలేదు. అనుమానమొచ్చి మూత విప్పాను. ఆ వాల్వే మమ్మల్ని కాపాడింది."

"ఎవరి మీదైనా అనుమానమా?"

"ఎదురు కొట్టువాడు. నా బ్లాగు మొదలయ్యాక వాడి బేరాలు పడిపోయాయి. రోడ్డు మీద కనపడితే 'ఏం రచయితగారూ' అంటాడు."

"ఎదురు కొట్టువాడు మీ స్నానాలగదిలోకి ఎలా వస్తాడు?"

"అదే నాకూ అంతు పట్టడం లేదండీ."

"ఈ గుడ్డ చూస్తే మీకేమీ గుర్తు రావడం లేదా?"

"గుడ్డ చూస్తే గుర్తు రావడానికి ఏముందండీ? తుడుచుకునే గుడ్డ."

షావుకారు అతని మొహాన్ని కాసేపు చూశాడు. ఆ మొహంలో భయం ఉంది, ఆశ్చర్యం ఉంది, దాచుకున్నది మాత్రం ఏమీ లేదు. "వస్తాం పదండి" అని లేచాడు.

కొట్టు ఇరుకుగా, శుభ్రంగా ఉంది. గోడల నిండా విప్పి ఉంచిన గీజర్లు. వాటి రాగి గొట్టాలు మెరుస్తున్నాయి. గుమ్మం పక్క బల్ల దగ్గర మేస్త్రి బావమరిది కంప్యూటరు ముందు, ఇంకో బల్ల దగ్గర ఫోన్లు ఎత్తే ఆవిడ ఉన్నారు. ఇంట్లోకి వెళ్ళే తలుపు వెనకవైపు ఉంది. దాని తాళంచెవి మేస్త్రితో పాటు ఆ ఇద్దరి దగ్గరా ఉంటుంది, మేస్త్రి భార్య దగ్గరా ఉంటుంది.

బావమరిది హుషారైన మనిషి.

"బావకి చేతులు మంచివి, నోరు మంచిది, ప్రచారం మాత్రం సున్నా" అన్నాడు షావుకారుతో. "ఊళ్ళో నలుగురికి తప్ప ఎవరికీ తెలియని మనిషాయన. నేనొచ్చాక బ్లాగు పెట్టించాను. ఆయన చెప్తాడు, నేను రాస్తాను. గీజర్ ఎలా కడగాలి, మంట ఎర్రగా వస్తే ఏం చెయ్యాలి, ఇలాంటివి. కానీ సైటు పెట్టి కూర్చుంటే ఎవరొస్తారండీ? అందుకని ఫీడ్ ఇచ్చాను."

"ఫీడ్ అంటే?"

"మనం కొత్తగా ఏది రాసినా, దాని నకలు దానంతటదే బయటికి వెళ్తుంది. చాలా సైట్లు దాన్ని పట్టుకుని తమ దగ్గర వేసుకుంటాయి. ఒక్కచోట రాస్తే పదిచోట్ల కనపడతాం. కింద మన కొట్టు పేరు, లింకు. దాన్ని నొక్కి జనం మన దగ్గరికొస్తారు."

"టోకు బేరమన్నమాట" అన్నాడు షావుకారు. "అందరూ మొత్తం సరుకు తీసుకుంటారా?"

"లేదండీ. ఎక్కువమంది పై రెండు వాక్యాలే వేసుకుంటారు. మిగతాది చదవాలంటే మన సైటుకే రావాలి. రెండు సైట్లు మాత్రం మొత్తం వేస్తాయి. 'ఇంటి చిట్కాలు' అని ఒక పెద్ద సైటుంది. మనకొచ్చే జనంలో సగం అక్కణ్ణించే." అతను వెనక్కి తిరిగాడు. "ఏమంటావక్కా? ఈమధ్య ఫోన్లు ఆగుతున్నాయా?"

ఫోన్లు ఎత్తే ఆవిడ తలెత్తలేదు. "అలా పిలవద్దని చెప్పాను కదండీ. మేడం అనండి, చాలు."

"చూశారా, ఎన్నాళ్ళైనా ఇంతే. మా అక్క వంట బాగోలేదన్నా ఇంత కోపం తెచ్చుకోదు" అని నవ్వాడు బావమరిది. ఆమె నవ్వలేదు.

షావుకారు ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వయసు నలభై దాటి ఉంటుంది. బల్ల మీద ఒక పెన్ను, ఒక నీళ్ళసీసా తప్ప ఏమీ లేవు.

"ఇక్కడికి రాకముందు ఏం చేసేవారమ్మా?"

"బట్టల మిల్లులో. రాత్రి షిఫ్టు."

"మేస్త్రిగారు ఎలాంటి మనిషి?"

"జాగ్రత్త మనిషి. పనివాడు పై నుంచి జారితే ముందు తన చెయ్యి అడ్డం పెడతాడు. ఇలాంటి మనిషని నేను అనుకోలేదు."

"ఆయన రాసినవి చదివారా?"

"చదివాను. ఆయన రాతలో నవ్వుంటుంది. గొట్టానికి ముందు ముక్కు మూయండి, తర్వాత తల దువ్వండి అంటాడు. అలా నవ్వుతూ చెప్పేవాళ్ళని జనం నమ్ముతారండీ." ఫోను మోగింది. ఆమె ఎత్తి, అవతలివాళ్ళ చిరునామా నెమ్మదిగా, ఒక్కొక్క మాటా తిరిగి చెప్పించుకుంది.

ఇంట్లో మేస్త్రి భార్య ఇంకా తేరుకోలేదు. స్నానాలగది తలుపుకి బయటనుంచి గొళ్ళెం పెట్టి ఉంచింది.

"నిన్న మీరు గీజర్ వెలిగించబోయినప్పుడు ఇంట్లో ఎవరున్నారమ్మా?"

"మా తమ్ముడు బయటికెళ్ళాడు. ఆయన కొట్లో ఉన్నారు. ఫోన్ల దగ్గర ఉండే ఆవిడ ఇంటికెళ్ళే వేళ దాటిపోయినా వెనక గుమ్మంలోనే నిలబడుంది. వెలగట్లేదని నేను గొణుక్కుంటుంటే, 'మీరు ముట్టుకోకండి, మేస్త్రిగార్ని పిలవండి' అంది. చాలా మంచిదండీ, పాపం. తన గురించి ఒక్కమాటా చెప్పదు. నేనే అడిగితే, ఒక తమ్ముడుండేవాడు అంది. ఉండేవాడు అన్నాక ఇంకేం అడుగుతాం?"

బయటికి వచ్చేముందు షావుకారు మేస్త్రిని పక్కకు పిలిచాడు. "పొగగొట్టంలో మసి దులిపేటప్పుడు, అది కింద బర్నరు మీద పడకుండా ఏం అడ్డం పెడతారు?"

"రేకు పళ్ళెం. దానికి పొడుగు పిడి ఉంటుంది. పిడి బయటికి పొడుచుకొచ్చి ఉంటే మూత పట్టదు. ఎంత మతిమరుపు మనిషైనా తీసి తీరాలి. బ్లాగులో అదే రాశాను, గుడ్డ ఎప్పుడూ వాడకండని కూడా."

ఆఫీసుకు తిరిగొచ్చాక షావుకారు టైపిస్టుకు ఒకే పని చెప్పాడు. "మేస్త్రి సైట్లో ఉన్నదంతా చదువు. ముక్కు మూసి తల దువ్వే మాట ఎక్కడుందో చూడు."

ఆమె సాయంత్రం దాకా చదివి కళ్ళు నలుపుకుంటూ వచ్చింది. "ఎక్కడా లేదండీ. పొగగొట్టం మీద రాసింది ఒక్కటే పేజీ. అందులో రేకు పళ్ళెమే ఉంది."

"లేని మాట ఆవిడకెలా తెలిసింది? ఆయన పక్కన కూర్చుని విన్నదేమో అనుకుందామంటే, ఆ పేజీ తేదీ ఆవిడ కొలువులో చేరకముందుది. అయితే సరుకు కొట్లో దొరకనప్పుడు ఎక్కడ వెతకాలి?"

"కొనుక్కెళ్ళినవాళ్ళ దగ్గర" అంది టైపిస్టు.

'ఇంటి చిట్కాలు' సైట్లో ఆ పేజీ దొరికింది. మేస్త్రి పేరుతోనే ఉంది. ఆమె గట్టిగా చదివింది: "ముందు గొట్టానికి ముక్కు మూయండి. పసుప్పచ్చ గుడ్డ నాలుగు మడతలు పెట్టి అడుగున కుక్కితే చాలు. తర్వాత పైనుంచి బ్రష్షుతో తల దువ్వండి. మూత బిగించి గీజర్ వెలిగించండి. వేడినీళ్ళు సిద్ధం." ఆమె ఆగింది. "గుడ్డ తియ్యమని లేదండీ."

"లేదు" అన్నాడు షావుకారు. అతని గొంతులో గెలుపు లేదు. "ఇంకా వెతుకు. మొత్తం పేజీ వేసుకునే సైటు ఇంకొకటి ఉందన్నాడు కదా. ఆ మేస్త్రి మంచివాడో కాదో అక్కడే తేలాలి."

మర్నాడు సాయంత్రం కొట్టు షట్టరు సగం దించి అందర్నీ కూర్చోబెట్టాడు. మేస్త్రి, భార్య ఒక బెంచీ మీద. బావమరిది తన కుర్చీలో. ఫోన్లు ఎత్తే ఆవిడ తన బల్ల దగ్గరే ఉండిపోయింది. షావుకారు గుడ్డను మధ్యలో ఉన్న బల్ల మీద పెట్టాడు.

"ఈ గుడ్డ పెట్టినవాళ్ళు ఎవర్నీ చంపాలనుకోలేదు. చంపాలనుకున్నవాళ్ళు గ్యాస్ వాల్వు కట్టెయ్యరు. వెనక గుమ్మంలో నిలబడి, ముట్టుకోవద్దని హెచ్చరించరు. మూడుసార్లూ గుడ్డ మేస్త్రి కంట పడేలాగే పెట్టారు. ఎందుకు? ఆయన మొహం చూడటానికి. గుడ్డ చూడగానే ఈ మనిషికి ఏదైనా గుర్తొస్తుందా, రాదా అని."

షావుకారు మేస్త్రి వైపు తిరిగాడు.

"మేస్త్రిగారూ, ఆ పొగగొట్టం పేజీ మీరు మొదట ఎలా చెప్పారో గుర్తుందా?"

మేస్త్రి నొసలు ముడిపడ్డాయి. నెమ్మదిగా అతని మొహంలో రంగు మారింది. "మొదట... గుడ్డ అని చెప్పాను. అవును. మా రోజుల్లో గుడ్డే పెట్టేవాళ్ళం, తీసేసేవాళ్ళం. తియ్యమని చెప్పాల్సిన పని ఉందని తోచలేదు. సాయంత్రం మా ఆవిడకి చదివి వినిపిస్తే, మరి గుడ్డ ఎప్పుడు తియ్యాలి అనడిగింది. గుండె ఝల్లుమంది. వెంటనే మార్పించాను. మొత్తం తీసేసి పళ్ళెం అని రాయించాను. ఒక్క రోజు కూడా లేదండీ అది."

"మీ కొట్లో లేదు. కానీ అప్పటికే సరుకు బయటికి వెళ్ళిపోయింది. కొట్లో ఉన్న బస్తా మీద చీటీ మార్చినంత మాత్రాన, లారీ ఎక్కి పోయిన బస్తాల మీద చీటీ మారదు. ఫీడ్ కొత్త పేజీని మోసుకెళ్తుంది. ఎత్తుకెళ్ళినవాళ్ళు పాత నకలు మీద దిద్దుబాటు కోసం వెనక్కి రాలేదు. పై రెండు వాక్యాలే వేసుకున్న చోట్ల ప్రమాదం లేదు, జనం మీ సైటుకొచ్చి సరైనదే చదివారు. మొత్తం వేసుకున్న చోట మాత్రం గుడ్డ అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ ఉంది." షావుకారు ఫోన్లు ఎత్తే ఆవిడ వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. "మీరు చదివింది అక్కడే కదమ్మా."

ఆమె చేతులు బల్ల మీద కదలకుండా ఉన్నాయి.

"నేను చదివాను" అంది. "చేసింది వాడు. మిల్లు నుంచి వచ్చేసరికి నాకు చలి పట్టుకునేది. గీజర్ సరిగ్గా మండట్లేదు, బాగుచేస్తానక్కా, నువ్వు చదువు, నేను చేస్తా అన్నాడు. నేను కింద నిలబడి ఫోన్లో చూస్తూ గట్టిగా చదివాను. తల దువ్వమన్న చోట ఇద్దరం నవ్వుకున్నాం. వాడు పైకెక్కి దువ్వాడు. ఇప్పుడేం చెయ్యాలి అని అరిచాడు. మూత బిగించి వెలిగించమంటున్నాడ్రా అన్నాను. నీళ్ళు ఎలా ఉన్నాయో ముందు నేను చూస్తానక్కా, తర్వాత నువ్వు అన్నాడు. నేను కూర్చున్నాను. కూర్చునే కునుకు తీశాను."

మేస్త్రి భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"తర్వాత ఈ సైటు వెతుక్కుంటూ వచ్చాను. ఇక్కడ చూస్తే గుడ్డ ఎప్పుడూ వాడకండని ఉంది. పైన తేదీ మాత్రం పాతదే. అంటే నా తమ్ముడు పోయాక, తెలిసి, చప్పుడు చెయ్యకుండా మార్చేశారనుకున్నాను. ఎప్పుడు మార్చారని సైట్లోనే రాసి అడిగాను. మా ఇంట్లో ఏం జరిగిందో అంతా రాశాను. జవాబు రాలేదు. మళ్ళీ రాశాను. రాలేదు. ఆ మనిషి ఎలాంటివాడో కళ్ళతో చూడాలని కొలువుకొచ్చాను. చూస్తే ఇలాంటి మనిషి. ఇన్నాళ్ళు చూసినా నాకు అంతు చిక్కలేదు. అందుకే గుడ్డ పెట్టాను."

"నాకు ఏ ఉత్తరమూ రాలేదమ్మా" అన్నాడు మేస్త్రి.

"రాలేదు" అన్నాడు షావుకారు. "సైటుకొచ్చే మాటలు చదివేది మీరు కాదు."

అందరూ బావమరిది వైపు చూశారు. అతని హుషారంతా ఎటో పోయింది.

"నువ్వు చదివావా?" అంది అతని అక్క.

"చదివానక్కా."

"చదివి?"

"తీసేశాను. పేరు రాయలేదు, ఎవరో ఏమిటో తెలియదు. భయమేసింది. బావకి తెలిస్తే ఇక రాయడు. ఆ సైటువాళ్ళని పేజీ తియ్యమంటే మన మీద ఏ కేసో పడుతుంది, వాళ్ళు మన ఫీడ్ ఆపేస్తారు. అప్పుడే జనం రావడం మొదలైంది..."

"మొదటిరోజు బావ దిద్దించినప్పుడు, బయటికెళ్ళిన నకళ్ళు దిద్దుకోవని నీకు తెలుసా?" అనడిగాడు షావుకారు.

బావమరిది తలూపాడు. "తెలుసు. పొద్దున రాసింది తప్పు అని ఇంకో పోస్టు వేస్తే అదీ ఫీడ్లో అన్నిచోట్లకీ వెళ్ళేది. కొత్తగా పెట్టిన బ్లాగు, పరువు పోతుందనుకున్నాను. ఎవరు చూస్తారులే అనుకున్నాను."

"పదిమంది చూడాలనే కదరా అది పెట్టావు" అంది అక్క. తర్వాత అతని వైపు చూడలేదు.

ఫోన్లు ఎత్తే ఆవిడ షావుకారునే చూస్తోంది. "నేనడిగినదానికి మీరైనా చెప్పండి. ఎప్పుడు మార్చారు?"

షావుకారు టైపిస్టుకు సైగ చేశాడు. ఆమె రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది.

"మొత్తం పేజీ వేసుకునే సైట్లు రెండున్నాయి. ఒకటి మేస్త్రి రాసిన మరుక్షణం ఎత్తుకెళ్తుంది. మీరు చదివింది అది. రెండోది రోజుకొక్కసారి, పొద్దుపోయాక, ఆరోజు సరుకంతా కలిపి ఎత్తుతుంది. అదీ తన నకలు మళ్ళీ ముట్టుకోదు, ఎత్తిన వేళతో సహా వేస్తుంది. అందులో ఏముందో చూడండి. అదే తేదీ, అదే పేజీ. రేకు పళ్ళెం ఉంది. గుడ్డ వాడకండని ఉంది. ఆ రెండు వేళల మధ్యే మార్చారమ్మా. అప్పటికి మీ తమ్ముడు హాయిగా ఉన్నాడు."

ఆమె రెండు కాగితాలూ చదివింది. మళ్ళీ చదివింది. వేలితో ఒక్కొక్క వాక్యం కింద గీస్తూ, ఎవరికో వినిపిస్తున్నట్టు పెదాలు కదిపింది.

"అయితే ఈయన దాచలేదు" అంది చివరికి.

"లేదు."

"ఇన్నాళ్ళూ ఈయన దాచాడని అనుకుంటూ లేచేదాన్ని. రేపటినుంచి ఏమనుకుంటూ లేవాలి?"

మేస్త్రి లేచి వెళ్ళి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. చేతులు జోడించబోయి, ఆ మసిచేతులు చూసుకుని దించేశాడు.

"చెప్పింది నేనమ్మా. దిద్దినా, దిద్దకపోయినా, గుడ్డ కుక్కమని చెప్పిన నోరు నాది."

ఆమె ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. "దిద్దితే అక్కడికి చేరదన్నారు. మరి చేరేదేది?" అంది.

"కొత్తగా రాస్తే చేరుతుంది" అన్నాడు బావమరిది నేల చూస్తూ.

"అయితే రాయండి."

మేస్త్రి చెప్పాడు, బావమరిది రాశాడు. ఈసారి నవ్వు లేదు. నేను రాసింది తప్పు, ఆ తప్పు వల్ల ఒకరి ప్రాణం పోయింది, ఎవరి గీజర్లోనైనా గుడ్డ ఉంటే ఇప్పుడే ఆర్పి తియ్యండి, చేతకాకపోతే మా కొట్టుకు ఫోన్ చెయ్యండి. అవసరమైనదంతా పై రెండు వాక్యాల్లోనే ఉండాలని షావుకారు పట్టుబట్టాడు. చాలా సైట్లు అంతకుమించి తీసుకోవు మరి. పంపేముందు మేస్త్రి కాగితం ఆమె చేతికిచ్చాడు. ఆమె నిలబడి గట్టిగా చదివింది. 'ఇంటి చిట్కాలు' వాళ్ళకు పాత పేజీ తియ్యమని ఫోన్ చేసింది బావమరిదే. వాళ్ళు తీశారు. వాళ్ళు కేసు గురించీ మాట్లాడలేదు, ఫీడూ ఆపలేదు. ఒక్కమాట అడిగితే అయిపోయే పని అది.

దారిలో టైపిస్టు అడిగింది: "మీకు ఆవిడ మీద అనుమానం ఎప్పుడు వచ్చిందండీ?"

"అక్కా అని పిలవొద్దన్నప్పుడు" అన్నాడు షావుకారు. "పిలుపంటే అంత ఉలికిపాటు ఊరికే రాదు. కానీ అది అనుమానం కాదు, జాలి. దాన్ని సాక్ష్యం కింద లెక్కవెయ్యకూడదు."

రెండు రోజులాగి గుడ్డ తిరిగి ఇవ్వడానికి వాళ్ళు కొట్టుకు వెళ్ళారు. ఆమె మానేసి ఉంటుందని టైపిస్టు అనుకుంది. ఆమె అదే బల్ల దగ్గర ఉంది. పక్క కుర్చీ ఖాళీగా ఉంది. బావమరిదిని మేస్త్రి బ్రష్షూ పళ్ళెమూ ఇచ్చి తనతో పాటు ఇళ్ళకు పనికి తీసుకుపోతున్నాడట. అతనితో అక్క ఇంకా మాట్లాడటం లేదు.

షావుకారు గుడ్డ బల్ల మీద పెట్టాడు. ఆమె దాన్ని విప్పి, మడతలు చేత్తో సాపు చేస్తుండగా ఫోను మోగింది.

"గీజర్ల కొట్టండీ... ఎక్కడ చదివారు?... గుడ్డ పెట్టారా?" ఆమె లేచి నిలబడింది. "లోపల ఎవరున్నారు?... ముందు తలుపు కొట్టి బయటికి పిలవండి. తర్వాత గీజర్ ఆర్పండి. కిటికీ తియ్యండి. ఫోన్ పెట్టకండి, నేనిక్కడే ఉంటాను... వచ్చారా? మాట్లాడుతున్నారా? నాకు వినిపించండి."

అవతల ఎవరిదో గొంతు, స్నానం మధ్యలో పిలిచినందుకు చిరాకు పడుతూ, ఫోన్లోంచి సన్నగా వినిపించింది. ఆమె కళ్ళు మూసుకుని ఆ తిట్లన్నీ చివరిదాకా వింది.

షావుకారు చప్పుడు చెయ్యకుండా బయటికి నడిచాడు. ఒక కేసు ముగిసినప్పుడల్లా వచ్చిందెంత, పోయిందెంత అని టైపిస్టుతో చెప్పి రాయించడం అతని అలవాటు. ఆరోజు చెప్పడానికి చాలాసేపు పట్టింది. పోయినవాడు పోయాడు, ఆ పద్దు ఎలాగూ మారదు. వచ్చిన వైపు రాయదగ్గది ఒక్కటే దొరికింది: ఎక్కడో, ముక్కూ మొహం తెలియని ఇంట్లో, తల తడిగా ఉండగానే తలుపు తీసుకుని బయటికొచ్చి విసుక్కున్న ఒక మనిషి.